సిన్సినాటి ఎలా పుట్టింది, ఎందుకంత వేగంగా పెరిగింది?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. అమెరికాలో ఒహాయో నది ఒడ్డున ఇంచుమించు ఒకేసారి మూడు ఊళ్లు మొదలైతే సిన్సినాటి ఒక్కటే నగరం ఎందుకైంది, మిగతా రెండూ ఏమయ్యాయి అన్నది ఒకటి. నది ఉంది కాబట్టే పెరిగింది అని ఇక్కడ అందరూ చెప్పే మాట నిజమేనా అన్నది రెండోది. ఆ రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తాను: సగమే నిజం. నది ఆ మూడు ఊళ్లకీ ఉంది. మొదటి ఇరవై ఏళ్లు సిన్సినాటిని నిలబెట్టింది ప్రభుత్వం కట్టిన కోట, ఆ కోట మీద ఖర్చుపెట్టిన డబ్బు. ఆ తర్వాత పెంచింది వెనకున్న మయామీ నదుల లోయల్లో పండే మొక్కజొన్న, స్టీమర్లు (ఆవిరి పడవలు). నేను సిన్సినాటి పక్కనున్న మేసన్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను, చుట్టాలొచ్చినప్పుడల్లా డౌన్‌టౌన్ తిప్పి ఇదంతా చెప్తూ ఉంటాను కాబట్టి కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు భూమి సంగతి. 1787 జూలైలో అమెరికా కాంగ్రెస్ ఒహాయో నదికి ఉత్తరాన ఉన్న ప్రాంతం మొత్తానికి ఒక చట్టం చేసింది (నార్త్‌వెస్ట్ ఆర్డినెన్స్). దాని ప్రకారం నదికి ఈవల బానిసత్వం ఉండకూడదు, ఆవల కెంటకీలో ఉంటుంది. ఈ ఒక్క గీత ఊరి చరిత్రంతా వెంటాడుతుంది, దాని గురించి తర్వాత చెప్తాను. అప్పటికే బెంజమిన్ స్టైట్స్ అనే వ్యాపారి గుర్రాల దొంగలను తరుముతూ 1786లో ఈ లోయల్లోకి వచ్చి, నేల చూసి మతి పోగొట్టుకుని, న్యూజెర్సీ వెళ్లి అక్కడి జడ్జి జాన్ క్లీవ్స్ సిమ్స్‌కు చెప్పాడు. సిమ్స్ తక్కువవాడేం కాదు, కాంగ్రెస్‌లో సభ్యుడిగా చేసినవాడు. గ్రేట్ మయామీ, లిటిల్ మయామీ నదుల మధ్య పది లక్షల ఎకరాలు కావాలని బేరం పెట్టాడు, ఎకరం 66 సెంట్ల చిల్లర. అదీ విలువ పడిపోయిన ప్రభుత్వ బాండ్లతో కట్టొచ్చు.

పట్టా చేతికి రాకముందే సిమ్స్ ప్లాట్లు అమ్మడం మొదలుపెట్టాడు. మన దగ్గర లింకు డాక్యుమెంట్లు లేకుండా వెంచర్ వేసి, రంగుల బ్రోచర్ పంచి, అడ్వాన్సులు లాగేసేవాళ్లుంటారే, అచ్చం అలాగే. డబ్బు పూర్తిగా కట్టలేకపోవడంతో 1794లో అతనికి చివరికి పట్టా వచ్చింది 3,11,682 ఎకరాలకే. ఈలోగా ఆ హద్దుల అవతల కూడా అమ్మేశాడు. కొన్నవాళ్లు గొల్లుమంటే 1799లో కాంగ్రెస్ కలగజేసుకుని, ఎకరం రెండు డాలర్లకు మళ్లీ కొనుక్కునే మొదటి హక్కు వాళ్లకే ఇచ్చింది. అంటే ఒకే నేలకు రెండుసార్లు డబ్బు. పయనీర్లు (మొదట వచ్చి స్థిరపడినవాళ్లు) అనగానే గొడ్డలి భుజాన వేసుకున్న అమాయక రైతు బొమ్మ ఒకటి కళ్లముందుకొస్తుంది గానీ, ఇక్కడ అందరికన్నా ముందొచ్చింది రియల్ ఎస్టేట్.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, లేకపోతే కథ ఒకవైపే అవుతుంది. ఇది ఖాళీ నేల కాదు. షానీ, మయామీ తెగల వాళ్లు బతికే, వేటాడే నేల. ఒకటీ అరా మనుషుల చేత సంతకాలు పెట్టించుకున్న ఒప్పందాలను ఆ తెగల్లో చాలామంది ఒప్పుకోలేదు. న్యూజెర్సీలో కూర్చున్నవాళ్లు ఎకరాల లెక్కన అమ్ముకుంటున్నది వాళ్లు వదులుకోని భూమిని. తర్వాతి ఆరేళ్ల యుద్ధానికి కారణం ఇదే.

ఇప్పుడు మూడు ఊళ్లు. 1788 నవంబరు 18న స్టైట్స్ మనుషులు లిటిల్ మయామీ ఒహాయోలో కలిసేచోట కొలంబియా మొదలుపెట్టారు. అదే ఏడు డిసెంబరు 28న దానికి దిగువన, కెంటకీ వైపు నుంచి లికింగ్ నది వచ్చి కలిసేచోటికి సరిగ్గా ఎదురుగా రెండో గుంపు దిగింది. 1789 ఫిబ్రవరి మొదట్లో సిమ్స్ స్వయంగా ఇంకా దిగువకెళ్లి నార్త్ బెండ్ దగ్గర తన రాజధాని కట్టాలనుకున్నాడు. మొదటి ఊరికీ మూడో ఊరికీ మధ్య తేడా మూడు నెలలు కూడా లేదు.

ఆ రెండో ఊరే సిన్సినాటి. అప్పుడు దాని పేరు లొసాంటివిల్. స్థలం కొన్నది మథయస్ డెన్‌మన్. కెంటకీలోని లెక్సింగ్టన్ నుంచి రాబర్ట్ ప్యాటర్సన్‌ను, జాన్ ఫిల్సన్ అనే బడిపంతులు కమ్ సర్వేయర్‌ను వాటాదార్లుగా చేర్చుకున్నాడు. ఆ వింత పేరు ఫిల్సన్ పెట్టిందే, లాటిన్, గ్రీకు, ఫ్రెంచి మాటలు కలిపి కుట్టాడు. పాపం, ఊరు మొదలవకముందే, ఆ శరత్కాలంలో అడవిలోకి వెళ్లినవాడు మళ్లీ కనిపించలేదు, శవం కూడా దొరకలేదు. అతని వాటా ఇజ్రాయెల్ లడ్లోకి వెళ్లింది. వీధులు కొలిచింది ఆయనే, ఫిలడెల్ఫియా లేఅవుట్‌ను తీసుకొచ్చి చెట్ల మధ్య దించేశాడు. సికమోర్, వాల్‌నట్, వైన్, ఎల్మ్, ప్లమ్ అని ఇవాళ మీరు జీపీఎస్‌లో చూసే వీధులు 1789 జనవరిలో చెట్ల బెరడు మీద గొడ్డలి గాట్లు మాత్రమే. మొదట వచ్చిన ముప్ఫై మందికి ఊళ్లో ఒక ప్లాటు, ఊరి బయట ఒక చెక్క పొలం ఊరికే ఇస్తామన్నారు, ఇల్లు కట్టుకుని పంట వేయాలన్న షరతుతో. ఎవరికి ఏది అన్నది చీటీలు తీశారు. ఇళ్లకు చెక్క ఎక్కడిదంటారా, వాళ్లు వచ్చిన పడవలే. అడుగు బల్లపరుపుగా ఉండే ఆ పడవలు దిగువకే పోగలవు, తిరిగి రాలేవు, కాబట్టి ఒడ్డు చేరగానే ఊడదీసి గోడలు చేసుకునేవాళ్లు.

1789 జనవరిలో నది పొంగింది. కొలంబియాలో ఒక్క ఇల్లు తప్ప అన్నీ మునిగాయి. లొసాంటివిల్‌కు ఏమీ కాలేదు. డౌన్‌టౌన్‌లో నది దగ్గర్నుంచి ఫోర్త్ స్ట్రీట్ వైపు నడిస్తే ఎత్తు ఎక్కుతున్నట్టు తెలుస్తుంది చూడండి, ఆ గట్టే అప్పుడు కాపాడింది. కింద రేవుకు పనికొచ్చే పల్లపు నేల, పైన వరద అందని మెట్ట, రెండూ ఒకేచోట దొరకడం మామూలు విషయం కాదు. కొలంబియాకు మంచి మాగాణి ఉంది, మెట్ట లేదు. నిజానికి మొదటి రెండేళ్లు జనం ఎక్కువున్నది కొలంబియాలోనే, వరద తీశాక పంటలూ అక్కడే బాగా పండాయి. ఆ పాత ఊరు ఎక్కడంటే ఇప్పటి లంకెన్ ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల. 1937 వరదలో ఆ ఎయిర్‌పోర్టు కూడా మునిగింది, అందుకే దాన్ని సంకెన్ లంకెన్ అని ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. ఆ నేల బుద్ధి మారలేదు.

అసలు మలుపు 1789 వేసవిలో. సెటిలర్లను కాపాడటానికి సైన్యం ఒక కోట కట్టాలి, ఎక్కడ? మూడు ఊళ్లూ మాకంటే మాకన్నాయి. సిమ్స్ అయితే నార్త్ బెండ్‌కే రావాలని గింజుకున్నాడు. దీని మీద ఇక్కడ ఒక కథ ప్రచారంలో ఉంది: నార్త్ బెండ్‌లో ఉన్న ఒక సైనికాధికారి ఒకరి భార్య మీద మనసు పడితే, ఆ భర్త భయపడి కాపురం సిన్సినాటికి మార్చాడట, వెంటనే ఆ అధికారికి కూడా కోటకు సరైన చోటు సిన్సినాటేనని తోచిందట. వినడానికి బాగుంటుంది, గైడ్లు కూడా చెప్తారు, నేను మాత్రం నమ్మను. మేజర్ జాన్ డౌటీ ఒడ్డు వెంబడి చూసి చోటు ఎంచుకున్నాడు. ఎత్తు ఉంది, వరద రాదు, ఎదురుగా లికింగ్ నది గుండా కెంటకీ లోపలి నుంచి మనుషులూ తిండీ తెప్పించుకోవచ్చు. ఇంతకన్నా వేరే కారణం అక్కర్లేదు.

ఫోర్ట్ వాషింగ్టన్ లేచింది. డిసెంబరులో జనరల్ హార్మర్ సుమారు 300 మందితో దిగాడు. 1790 జనవరిలో ఈ ప్రాంతం మొత్తానికి గవర్నరైన ఆర్థర్ సెయింట్ క్లేర్ వచ్చి ఊరి పేరు మార్చేశాడు. అమెరికా స్వాతంత్ర్యం కోసం జరిగిన విప్లవ యుద్ధంలో పనిచేసిన అధికారుల సంఘం ఒకటుంది, సొసైటీ ఆఫ్ ద సిన్సినాటి, ఆయన అందులో మెంబరు, ఆ పేరే ఊరికి తగిలించాడు. హామిల్టన్ కౌంటీని ఏర్పాటు చేసి ఈ ఊరినే కౌంటీ కేంద్రం చేశాడు. కోర్టు వచ్చింది, కోర్టు వెనకాల లాయర్లు వచ్చారు, లాయర్ల వెనకాల భూముల తగాదాలున్నవాళ్లందరూ వచ్చారు. సిమ్స్ పుణ్యమా అని తగాదాలకు కొదవలేదు.

యుద్ధం మాత్రం ఘోరంగా సాగింది. 1790లో హార్మర్ ఓడి వెనక్కొచ్చాడు. మరుసటి ఏడు సెయింట్ క్లేర్ తానే సైన్యాన్ని నడిపించాడు. 1791 నవంబరు 4 తెల్లవారుజామున వాబాష్ నది ఒడ్డున మయామీ నాయకుడు లిటిల్ టర్టిల్, షానీ నాయకుడు బ్లూ జాకెట్ వాళ్ల మీద పడ్డారు. 600 మందికి పైగా సైనికులు చనిపోయారు. మూలవాసుల చేతిలో అమెరికా సైన్యం ఇంతకన్నా పెద్ద దెబ్బ ఎప్పుడూ తినలేదు. కాంట్రాక్టర్లు పంపిన సరుకు నాసిరకమనీ, మందుగుండు పనికిరాలేదనీ కాంగ్రెస్ విచారణ జరిపింది, ఆ సభ చేసిన మొట్టమొదటి విచారణ అదే. ఆ తర్వాత జనరల్ ఆంథొనీ వేన్ తొందరపడకుండా సైన్యానికి శిక్షణ ఇచ్చి, 1794 ఆగస్టు 20న ఫాలెన్ టింబర్స్ దగ్గర గెలిచాడు. 1795 గ్రీన్‌విల్ ఒప్పందంతో తెగలు దక్షిణ ఒహాయో వదులుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ ఒకటి గమనించండి, ఓడినా గెలిచినా ప్రతి దండయాత్రకూ బయల్దేరిన చోటు సిన్సినాటే. వందలూ వేలూ మంది సైనికులకు పిండి, మాంసం, బూట్లు, గుర్రాలు, విస్కీ, అన్నీ ఇక్కడే కొనాలి. ఎటు చూసినా అడవి, కానీ ఊళ్లో మాత్రం చేతిలో డబ్బు ఆడుతోంది. 1793లో ఒక పత్రిక కూడా మొదలైంది, ఊళ్లో అప్పటికి కొన్ని వందల మంది ఉంటే గొప్ప. ఆ సైన్యపు ఊళ్లో తాగుడూ జూదమూ ఏ స్థాయిలో ఉండేవో అప్పటివాళ్లు తలలు పట్టుకుని రాసుకున్నారు. కొలంబియా, నార్త్ బెండ్‌లలో పద్ధతైన కుటుంబాలు, చర్చి, బడి ఉన్నాయి, కాంట్రాక్టు డబ్బు లేదు. అక్కడితో పోటీ ముగిసింది.

నార్త్ బెండ్‌కు ఊరటగా ఒకటి దక్కిందనుకోండి. ఫోర్ట్ వాషింగ్టన్‌లో చిన్న ఆఫీసరుగా చేరిన విలియం హెన్రీ హారిసన్ 1795లో సిమ్స్ కూతుర్ని పెళ్లాడాడు, మామగారికి ఇష్టం లేకపోయినా. అదే హారిసన్ 1841లో అమెరికా అధ్యక్షుడై నెల రోజులకే చనిపోయాడు. సమాధి నార్త్ బెండ్‌లోనే ఉంది. మనవడు బెంజమిన్ హారిసన్ కూడా అక్కడే పుట్టి తర్వాత అధ్యక్షుడయ్యాడు. ఊరు మాత్రం ఇవాళ్టికీ పల్లెటూరే.

1800లో సిన్సినాటి జనాభా 750. 1810లో 2,540. ఫరవాలేదు గానీ అబ్బురపడేంత కాదు. ఎందుకంటే నది ఒకవైపే పనిచేస్తోంది. పిండి, ఉప్పు పట్టిన మాంసం, విస్కీ పడవలకెత్తి న్యూ ఆర్లియన్స్‌కు వదలొచ్చు, అక్కడ పడవను కూడా కలపకు అమ్మేసి నడిచి రావాలి. ఎదురెక్కి రావాలంటే కీల్‌బోట్లనే పొడుగు పడవలను గెడలు వేసి నెట్టుకుంటూ మూడు నెలలు పైనే. అందుకే బట్టలు, గాజు, ఇనప సామాను ఫిలడెల్ఫియా నుంచి కొండలు దాటి బండ్ల మీద పిట్స్‌బర్గ్ వచ్చి, అక్కడి నుంచి పడవల్లో దిగేవి. ధరలు మండిపోయేవి.

1811 అక్టోబరులో న్యూ ఆర్లియన్స్ అనే పేరున్న మొదటి స్టీమరు పిట్స్‌బర్గ్ నుంచి బయల్దేరి సిన్సినాటి ముందు నుంచి దిగువకు పోయింది. జనం అబ్బో అన్నారు గానీ అసలు అనుమానం తిరిగి రాగలదా అని. 1815లో ఎంటర్‌ప్రైజ్ అనే స్టీమరు న్యూ ఆర్లియన్స్ నుంచి ఎదురెక్కి ఒహాయో మీదికి వచ్చాక ఆ అనుమానం తీరిపోయింది. మూడు నెలల ప్రయాణం నెలకు, తర్వాత వారం పది రోజులకు దిగింది. నది నగరాన్ని పెంచడం నా లెక్కన అప్పుడే మొదలైంది. సిన్సినాటి స్టీమర్లకు సరుకెత్తడమే కాదు, వాటిని కట్టడం కూడా మొదలుపెట్టింది, బాయిలర్లు, ఇంజన్లు, పోతపని, అన్నీ. 1819లో నగర హోదా వచ్చింది, అదే ఏడు దేశమంతా బ్యాంకులు కుప్పకూలి ఊళ్లో చాలామంది ఆస్తులు తాకట్లలో పోయాయి. అయినా 1820కి 9,642, 1830కి 24,831, 1840కి 46,338, 1850కి 1,15,435. యాభై ఏళ్లలో 750 నుంచి లక్ష దాటి, దేశంలో ఆరో పెద్ద నగరం.

అంత జనం ఏం తిని, ఏం చేసి బతికారు? ఒక్క మాటలో, పంది. మయామీ లోయల్లో మొక్కజొన్న విపరీతంగా పండుతుంది. కానీ బస్తా మొక్కజొన్న బండి మీద యాభై మైళ్లు తెస్తే కిరాయికే సరిపోతుంది. అదే పందికి పెడితే, అది తన కాళ్ల మీద తానే నడిచి ఊరికొస్తుంది. మిగిలింది కాచి విస్కీ చేస్తారు. చలికాలం రాగానే పల్లెల నుంచి మందలు మందలుగా తోలుకొచ్చేవాళ్లు. ఐస్ ఫ్యాక్టరీలు లేని రోజులు కాబట్టి కోత అంతా నవంబరు నుంచి చలి తగ్గేదాకా. ఉప్పు పట్టించి, చుట్టుపక్కల అడవి కలపతో చేసిన పీపాల్లో దట్టించి, స్టీమర్లకెత్తి దక్షిణాదికి పంపేవాళ్లు. 1848 ప్రాంతంలో ఏటా నాలుగు లక్షలకు పైగా పందులు. కళేబరాన్ని పైన కొక్కేనికి వేలాడదీసి ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి జరుపుతూ, ఒక్కొక్కరు ఒక్క కోతే కోసే పద్ధతి ఇక్కడే ముదిరింది. డీర్ క్రీక్ అనే వాగు ఎర్రగా పారేదంటారు. వీధుల్లో చెత్త ఎత్తే పని కూడా తిరుగుడు పందులదే. 1828లో వచ్చి రెండేళ్లున్న ఇంగ్లండు రచయిత్రి ఫ్రాన్సిస్ ట్రోలోప్ వాటి మీద కోపమంతా కాగితం మీద పెట్టింది, ఊరివాళ్లకు చాలాకాలం మండింది. పోర్కోపోలిస్ (పంది మాంసం నగరం) అన్న ముద్దుపేరు అప్పటిదే. ఇప్పుడు డౌన్‌టౌన్‌లో కనిపించే రెక్కల పందుల బొమ్మలు దాని గుర్తే.

ఇంత కొవ్వు మిగిలితే ఏం చేస్తారు? కొవ్వొత్తులు, సబ్బులు. ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం ప్రాక్టర్ కొవ్వొత్తులు చేసేవాడు, ఐర్లండు నుంచి వచ్చిన జేమ్స్ గ్యాంబుల్ సబ్బులు. ఇద్దరూ ఒకే ఇంటి అక్కాచెల్లెళ్లను చేసుకున్న తోడల్లుళ్లు. ఇద్దరూ ఒకే కొవ్వు కోసం పోటీపడటం చూసి మామగారు అలెగ్జాండర్ నోరిస్ కలిసి వ్యాపారం చేసుకోండర్రా అన్నాడు, 1837లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ పుట్టింది. మేసన్‌లో మన తెలుగువాళ్లు ఎంతమంది వాళ్ల ప్రాజెక్టుల్లో పనిచేస్తున్నారో మీకు నేను చెప్పక్కర్లేదు.

కాలువ సంగతి క్లుప్తంగా: 1825లో మయామీ కాలువ తవ్వకం మొదలై, 1829కి డేటన్ దాకా, 1845కి పైన ఈరీ సరస్సు దాకా వెళ్లింది. దాంతో లోయ పంటంతా నేరుగా ఊళ్లోకే దిగింది. ఆ కాలువకు అవతల జర్మన్లు ఎక్కువుండేవాళ్లు కాబట్టి దాన్ని రైన్ నది అని సరదాగా పిలిచారు, ఓవర్-ద-రైన్ పేట పేరు అలా వచ్చింది. తర్వాత కాలువ పూడ్చి సెంట్రల్ పార్క్‌వే వేశారు, దాని కింద 1920లలో తవ్విన సబ్‌వే సొరంగాలు ఒక్క రైలూ నడవకుండా ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

ఇందాక వాయిదా వేసిన మాట. నదికి ఈవల బానిసత్వం లేదన్నాను, అంటే నల్లవాళ్లకు ఇక్కడ సుఖంగా ఉందని కాదు. 1807 చట్టం ప్రకారం ఒహాయోలో ఉండదలచిన నల్లవాళ్లు 500 డాలర్ల పూచీకత్తు చూపాలి. చాలాకాలం ఎవరూ పట్టించుకోని ఆ చట్టాన్ని 1829లో బయటికి తీశారు, వాళ్ల ఇళ్ల మీద గుంపులు పడ్డాయి, వెయ్యి మందికి పైగా ఊరు వదిలారు, కొందరు కెనడా వెళ్లి ఊరు కట్టుకున్నారు. 1836లో బానిసత్వాన్ని వ్యతిరేకించే జేమ్స్ బర్నీ పత్రిక అచ్చుయంత్రాన్ని పగలగొట్టి నదిలో పడేశారు. 1841లో మళ్లీ దాడులు. ఊళ్లో పెద్ద వ్యాపారుల దగ్గర సరుకు కొనేది దక్షిణాది తోటల యజమానులు, వాళ్లకు కోపం వస్తే రేవు ఖాళీ అవుతుందని భయం. ఇంకోవైపు ఇదే ఊళ్లో నది దాటి పారిపోయి వచ్చినవాళ్లను దాచి ఉత్తరాదికి పంపినవాళ్లూ ఉన్నారు. ఊరి పెరుగుదల గురించి చెప్పేవాళ్లు ఈ భాగం వదిలేస్తుంటారు, అది నాకు నచ్చదు.

మరి షికాగో ఎందుకు దాటేసింది అని అడుగుతారు, ముందే చెప్తాను. పశ్చిమం నుంచి రైళ్లన్నీ షికాగోకు చేరాయి, అంతర్యుద్ధంతో దక్షిణాది బేరం తెగింది, 1860లలో పంది మాంసంలో మొదటి స్థానం పోయింది. నదిని నమ్ముకున్న ఊరు రైలును ఆలస్యంగా పట్టించుకుంది. మేలుకున్నాక మాత్రం విచిత్రమైన పని చేసింది: 1869లో ఓటేసి, నగరమే సొంత డబ్బుతో టెనెసీలోని చాటనూగా దాకా రైలు మార్గం వేసుకుంది, 1880కి పూర్తయింది. ఆ మార్గం 2024 దాకా నగరం ఆస్తిగానే ఉంది, ఓటర్లు ఒప్పుకున్నాక 160 కోట్ల డాలర్లకు నార్‌ఫోక్ సదరన్ అనే రైల్వే కంపెనీకి అమ్మారు.

చూడాలంటే ఒక పూట చాలు. ముందు లంకెన్ ఎయిర్‌పోర్టు ఎదురుగా ఉన్న పయనీర్ శ్మశానానికి వెళ్లండి, కొలంబియాలో మిగిలింది దాదాపు అదే. తర్వాత డౌన్‌టౌన్‌లో లైటిల్ పార్కు చుట్టుపక్కల ఫోర్ట్ వాషింగ్టన్ ఉన్న చోటు చూడొచ్చు. కోటను 1808లో అమ్మేశారు, 1952లో పార్కింగ్ గ్యారేజీ కోసం తవ్వుతుంటే దాని మందుగుండు కొట్టు పునాది బయటపడింది. అక్కడి నుంచి పబ్లిక్ లాండింగ్ అనే పాత రేవు దాకా నడిచి దిగండి, ఎదురుగా లికింగ్ నది కలిసేచోటు కనిపిస్తుంది. పిల్లలుంటే రోబ్లింగ్ అనే ఇంజనీరు కట్టిన వేలాడే వంతెన మీద నడిపించి అవతల కెంటకీలోని కోవింగ్టన్ వైపు తీసుకెళ్లండి. అది 1866 చివర్లో తెరిచిన వంతెన, బ్రూక్లిన్ బ్రిడ్జి కన్నా ముందుది. ఆటలున్న రోజు మాత్రం వెళ్లకండి, స్టేడియాలు రెండూ అక్కడే, పార్కింగ్ దొరకదు.